అంట్ల యంత్రము నీరు కారినపుడు

గృహకృత్యములలో అంట్లు తోముట వంటి పని వేరొకటి లేదు. వంట చేసినవారిని రుచి చూచి మెచ్చుకొందురు. ముగ్గు పెట్టినవారిని వాకిట నిలిచి మెచ్చుకొందురు. అంట్లు తోమినవారిని మెచ్చుకొనువారెవరును లేరు. తోమని నాడు మాత్రము ఇంటిల్లిపాదియు గమనింతురు. ఇట్టి పనిని తనపై వేసికొనుటకు మన ఇండ్లలోనికి పాత్రలు కడుగు యంత్రము ప్రవేశించినది. డిష్‌వాషరని అందరును పిలుచు ఈ యంత్రము మన దేశమున చాలకాలము కొలదిమంది ఇండ్లలోనే యుండెను. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి, పనిమనుషులు ఇల్లు కదలి రాలేకపోయిన దినములలో దీని వాడుక హెచ్చినది.

కాని సోదరీమణులారా, యంత్రము ఇంటికి వచ్చిననాటి సంబరము అది మొదటిసారి చెడిననాడు ఏమగునో మనలో చాలమంది ఎరుగుదురు. ఒకనాడు యంత్రము ముందర నేలపై నీరు మడుగు కట్టును. లేదా, తలుపు తెరచినంతనే అడుగున మురికినీరు నిలిచి కనబడును. "దానిని ముట్టకుము, షాకు కొట్టును" అని ఇంటిలోనివారు హెచ్చరింతురు. మెకానిక్కునకు కబురు వెళ్లును. అతడు నేడు రేపని జరపును. ఈలోపల యంత్రముపై గుడ్డ పరచి, దానిమీద పచ్చడి సీసాలు సర్దుదురు. అంట్లు మరల సింకులోనికి చేరును. ఏ చేతులకు విశ్రాంతి కలుగవలెనని యంత్రమును కొన్నారో, ఆ చేతులే మరల పీచు పట్టుకొనును.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. యంత్రము కారినపుడు "ఏమి చెడినది?" అని తొందరపడక, "ఏ వేళ కారినది? ఏ చోట కారినది?" అని అడుగవలెను. ఈ రెంటికి సమాధానము దొరకినచో దోషము సగము దొరకినట్లే. ఇందులకు యంత్రశాస్త్రము చదువనక్కరలేదు. ఇల్లాలి కండ్లు చాలును.

మా యింటి ముచ్చట

ఈ పాఠము నాకు మా అత్తగారివలన అబ్బినది. మా యింటి యంత్రము కొన్న రెండవ ఏట కారనారంభించెను. వచ్చిన మెకానిక్కు రెండు నిమిషములు చూచి, పంపు మార్చవలెనని చెప్పి, పెద్ద మొత్తము అడిగెను. "తరువాత చూతము" అని మావారు అనిరి. ఆ తరువాత అన్నది రెండు నెలలాయెను. నేను ఉద్యోగమునుండి వచ్చునప్పటికే అత్తగారు అంట్లు ముగించి యుండెడివారు. కీళ్ళనొప్పులచేత ఆమె వ్రేళ్ళు సరిగా ముడుచుకొనవు. వలదన్నను వినెడివారు కారు.

ఒక ఆదివారము ఆమెయే, "అమ్మాయీ, ఒక్కమారు దీనిని నడుపుము, నేను ప్రక్కన కూర్చుండి చూచెదను. కొత్త కుండ కారునో లేదో చూచుటకు నీరు పోసి పొడినేలమీద పెట్టెడివారము కాదా! ఇదియు నట్టిదే" అనిరి. యంత్రము చుట్టును పాత వార్తాపత్రికలు పరచి, పీట వేసికొని కూర్చుండిరి. పావుగంట గడచిన పిమ్మట నన్ను పిలిచి, "నీరు నిండునపుడు కారలేదు. లోపల జల్లు చప్పుడు మొదలైన పిదప ఈ ఎడమ మూలనే కాగితము తడిసినది. వెనుకవైపు కాగితము పొడిగానే యున్నది" అని చెప్పిరి.

యంత్రము ఆపి, ప్లగ్గు తీసి, తలుపు ఎడమ మూలను వ్రేలితో తడిమితిని. రబ్బరు పట్టీ మడతలో ఎండిన మెతుకులు, జిడ్డు కలిసి గట్టిగా కరచుకొని యున్నవి. అవి అడ్డుపడుటచేత పట్టీ తలుపునకు అంటుట లేదు. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో పది నిమిషములు తుడిచితిని. నాటినుండి ఆ చోట నీరు కారలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి యెత్తబోయితిమి. ఆ గొడ్డలి కొనుటకు డబ్బు చాలక, రెండు నెలలు ఒక వృద్ధురాలిచేత అంట్లు తోమించితిమి. ఆ సిగ్గే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

యంత్రము పనిచేయు తీరు

ఈ యంత్రము పుట్టుకలోనే ఒక స్త్రీ చేయి యున్నది. అమెరికాదేశమున 1850లో జోయెల్ హౌటన్ అను నతడు చేతితో త్రిప్పెడి కొయ్య యంత్రమునకు పేటెంటు పొందెను గాని, అది అంతగా పనికిరాలేదు. ఇల్లినాయ్ రాష్ట్రమున షెల్బీవిల్ అను ఊరిలో జోసెఫిన్ కాక్రన్ అను గృహిణి యుండెను. పింగాణి పళ్ళెములు తోముటలో అంచులు విరుగుచుండుట చూచి, నీటిజల్లుతో పాత్రలు కడుగు యంత్రము నొకటి ఆమె తలపోసెను. 1883లో భర్త మరణించి అప్పులు మీద పడినను విడువక, ఇంటి వెనుకనున్న కొట్టములో పనివానిచేత యంత్రమును చేయించి, 1886 డిసెంబరు 28న పేటెంటు పొందెను. పళ్ళెముల కొలతకు సరిపడ తీగల అరలు అమర్చి, వానిపై వేడి సబ్బునీరు చిమ్మించుట ఆమె ఉపాయము. 1893లో చికాగో మహాప్రదర్శనమున ఆ యంత్రము బహుమతి నందెను. నేడు మన వంటయిండ్లలో నున్నదియు మూలమున ఆ ఉపాయమే.

యంత్రము కడవవలె నీటితో నిండునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. ఒక్కొక్క విడతకు అడుగున మూడు నాలుగు లీటర్ల నీరు మాత్రమే చేరును. హీటరు ఆ నీటిని వేడిచేయును. పంపు దానినే పైకి నెట్టి, తిరుగు రెక్కల బెజ్జములగుండ పాత్రలపై మరల మరల చిమ్మును. క్రిందికి జారిన నీరు జల్లెడలో వడకట్టబడి మరల పంపునకు చేరును. కడిగిన పిమ్మట వేరొక చిన్న పంపు ఆ మురికినీటిని బయటి గొట్టములోనికి తోసివేయును. మరల మంచినీరు వచ్చును, తొలుపును, పోవును. కడపట వేడినీటితో తొలిచి, ఆ వేడిమిచేతనే పాత్రలు ఆరునట్లు చేయును. ఈవిధముగా ఒక పూట అంట్లకు మొత్తము సుమారు పది లీటర్ల నీరు పట్టును.

కావున యంత్రమునకు నాలుగు వేళలు కలవు: ఊరకుండు వేళ, నీరు నిండు వేళ, జల్లు కొట్టు వేళ, నీరు వెడలు వేళ. ఏ వేళ కారినదో కనిపెట్టినచో, ఏ అవయవము కారణమో తెలియును.

చేయి పెట్టుటకు ముందు

మొదట ప్లగ్గు తీయవలెను. స్విచ్చి ఆపుట మాత్రము చాలదు. ప్లగ్గు వద్దనే నేల తడిసియున్నచో, ఆ నీటిలో అడుగుపెట్టక మెయిన్ స్విచ్చిని ఆపిన పిమ్మటనే దగ్గరకు పోవలెను. రెండవది, నీటి కుళాయిని కట్టివేయవలెను. మూడవది, యంత్రము అప్పుడే నడచినదైన, లోపలి నీరు పొగలు గ్రక్కు వేడి కలిగియుండును, అరగంట ఆగవలెను. నాలుగవది, ఇందు వాడు పొడియు బిళ్ళలును చేతి సబ్బువంటివి కావు. మిక్కిలి కారము గలవి. కంటికి తగులరాదు, పిల్లలకు అందరాదు. అడుగున తడుమునపుడు గాజుపెంకులుండవచ్చును. చేతికి రబ్బరు తొడుగు వేసికొనుడు.

ఇవి కాక ఒక నియమము. యంత్రము వెనుక రేకును గాని, అడుగు రేకును గాని విప్పవలదు. ఆ లోపల విద్యుత్తీగలు, హీటరు ఉన్నవి. తలుపు తెరచియున్నను నడచునట్లు తలుపు గడియను మాయచేయవచ్చునని చెప్పువారి మాట విననే వలదు. ఇల్లాలు చూడదగిన భాగములన్నియు తలుపు లోపలను, గొట్టముల కొనలయందును కలవు.

పిమ్మట పరీక్ష. నేలను పొడిగా తుడిచి, యంత్రము ముందరను, రెండు ప్రక్కలను, చేయి అందినంతవరకు వెనుకను పాత కాగితములు పరచుడు. ప్లగ్గును, తీగను కాగితములకు దూరముగ, పైకి ఉంచుడు. పాత్రలు పెట్టక, పొడి వేయక, కుళాయి విప్పి యంత్రమును ఒకమారు నడిపి, ప్రక్కన కూర్చుండి చూడుడు. కాగితము ఏ వేళ, ఏ మూల మొదట తడిసినదో ఒక చీటిపై వ్రాసికొనుడు.

ఊరకున్నపుడును, నిండునపుడును కారుట

యంత్రము ఆగియున్నను నీరు వచ్చుచున్నచో, అది కుళాయినుండి యంత్రమునకు పోవు గొట్టము వద్దగాని, నీటిని ఆపు వాల్వు వద్దగాని దోషము. గొట్టపు కొనలు రెంటిని పొడిగుడ్డతో తుడిచి, చుట్టును పలుచని కాగితము చుట్టి చూడుడు. కాగితము తడిసినచో, మరయందలి రబ్బరు వాషరు అరిగియుండును. కుళాయి కట్టి, మర విప్పి, అదే కొలత వాషరు వేసి, చేతితో బిగించి, పిమ్మట కొంచెము మాత్రమే అదనముగ త్రిప్పవలెను. ప్లాస్టికు మరను బలముకొలది బిగించినచో పగులును. కొన్ని గొట్టముల కొనయందు పెద్ద ప్లాస్టికు పెట్టె యుండును. అది విద్యుత్తుతో పనిచేయు రక్షణ వాల్వు. దానిని కోయరాదు, నీట ముంచరాదు.

ప్లగ్గు తీసిన పిమ్మటను యంత్రము అడుగున నీరు మెల్లమెల్లగ పెరుగుచున్నదా? వాల్వు మూతపడుట లేదు. ఇది మెకానిక్కు పని. అతడు వచ్చువరకు కుళాయిని కట్టియుంచుడు.

దీనికి విరుద్ధముగ, నీరు రాక యంత్రము ఆగిపోవుటయు కలదు. ట్యాంకు నెత్తిమీదనే యున్న పై అంతస్తు ఇండ్లలో నీటి ఒత్తిడి చాలక ఇట్లగును. పది మీటర్ల ఎత్తునుండి దిగిన నీటికి గాని ఒక బారు ఒత్తిడి రాదు. యంత్రమునకు ఎంత కావలెనో దానితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. ఒత్తిడి చాలినను నీరు రానిచో, గొట్టపు కొననున్న సన్నని తీగ జల్లెడను చూడుడు. ట్యాంకు అడుగు ఇసుక, త్రుప్పు దానిలో పేరుకొనును. పాత పండ్ల బ్రష్షుతో తోమినచో చాలును.

జల్లు కొట్టునపుడు కారుట

ముందువైపు కారుట తరచుగ ఈ వేళనే జరుగును. దీనికి కారణములు అయిదు.

మొదటిది నురుగు. యంత్రపు పొడి అయిపోయిన దినమున, సింకు వద్దనున్న సబ్బుద్రవమును నాలుగు చుక్కలు వేసినచో ఏమగునని మనకు తోచును. యంత్రపు పొడి నురుగు రానిది. చేతిసబ్బు నురుగు వచ్చునది. ఆ నురుగు ఉబ్బి తలుపు అడుగునుండి పొంగి పొరలును. తొలుపు ద్రవమును పోయునపుడు క్రింద చిందినదానిని తుడువకున్నను నురుగు వచ్చును. తలుపు తెరచి నురుగును తీసివేసి, చల్లని నీరు రెండు చెంబులు పోసి, నీరు వెడలునట్లు యంత్రమును నడుపుడు. నురుగు పోవువరకు ఇట్లే చేయుడు. ఇందు చెడినది ఏదియు లేదు.

రెండవది మా యింట జరిగినట్టిది, రబ్బరు పట్టీకి పట్టిన మురికి. క్రింది మూలలను మరువరాదు. పట్టీ గట్టిపడినను, చీలినను మార్చవలెను. పెక్కు యంత్రములలో అది గాడిలో చేతితో నొక్కిన కూర్చుండునదే. యంత్రపు మోడలు సంఖ్య చెప్పి అదే పట్టీ తెప్పించుడు.

మూడవది, పాత్రలు సర్దుటలో పొరపాటు. పెద్ద పళ్ళెమో, పొడుగాటి గరిటెయో రెక్కకు అడ్డుపడినచో అది తిరుగక ఒకేచోట నిలిచి, తలుపుమీదికే జల్లు కొట్టుచుండును. పాత్రలు సర్దిన పిమ్మట రెండు రెక్కలను చేతితో ఒకమారు త్రిప్పి చూచిగాని తలుపు వేయరాదు.

నాలుగవది, రెక్క పగులుట. రెక్కను విప్పి వెలుతురులో చూచినచో అంచున సన్నని చీలిక కనబడును. దానిని అతికింపరాదు, క్రొత్తది వేయవలెను.

అయిదవది, యంత్రము ముందరికి వాలియుండుట. వెడల్పయిన పళ్ళెములో కొంచెము నీరు పోసి తెరచిన తలుపునకు ప్రక్కన, యంత్రపు లోపలి అంచుపై పెట్టినచో వాలు తెలియును. యంత్రపు కాళ్ళకు మరలుండును. వానిని త్రిప్పి సరిచేయవచ్చును.

ఇవి అయిదును లేక, జల్లు చప్పుడు మొదలైనంతనే నీరు యంత్రము నడుమ క్రిందినుండి వచ్చుచున్నచో పెద్ద పంపు వద్దనో, దాని గొట్టము వద్దనో దోషమని ఊహింపవచ్చును. అది మన పని కాదు.

నీరు వెడలునపుడు కారుటయు, నీరు వెడలకుండుటయు

నీరు వెడలు వేళనే కారినచో మురుగు గొట్టమును చూడవలెను. సింకు క్రింద అది కలిసిన చోట బిగింపు వదలియుండవచ్చును. ఊరక గోడలోని గొట్టములో దూర్చినదైన, నీటి వేగమునకు బయటికి జారియుండవచ్చును. అడుగు అడుగుకు చేయి వేసి తడిమినచో తడి తెలియును.

నీరు కారక, లోపలనే నిలిచిపోయినచో పంపు చెడినదని వెంటనే అనుకొనవలదు. జల్లెడ క్రింది గుంటలో కొంచెము నీరు ఎల్లప్పుడును ఉండును. అది దోషము కాదు. జల్లెడ మునుగునంత నీరున్నచో గిన్నెతో తోడివేసి, మిగిలినది స్పాంజితో అద్ది తీయుడు. జల్లెడను త్రిప్పి బయటికి తీయుడు. మన వంటలకు ఈ జల్లెడ ప్రత్యేక శత్రువని చెప్పవలెను. కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, ఆవాలు, నిమ్మగింజలు, మునగకాయ నార - ఇవన్నియు దానిలో చేరును. కుళాయి క్రింద మెత్తని బ్రష్షుతో కడుగుడు.

జల్లెడ తీసిన చోట, గుంటలో ఒక ప్రక్క చిన్న మూత కనబడును. పెక్కు యంత్రములలో దానిని చెంచాతో పైకి లేపి తీయవచ్చును. దాని వెనుకనే నీటిని వెడలించు పంపు చక్రము కలదు. గాజుముక్కయో, ఎముక తునకయో, గింజయో దానిలో ఇరుకుకొనినచో అది తిరుగదు. పట్టకారుతో తీయుడు. చక్రమును వ్రేలితో త్రిప్పినపుడు ఆగి ఆగి, కుదుపుతో తిరుగును. లోపల అయస్కాంతముండుటచేత అది సహజమే, చెడినదని భ్రమపడవలదు. మూతను మరల చప్పుడగునట్లు నొక్కి, జల్లెడను సరిగా కూర్చుండబెట్టుడు. జల్లెడ లేక యంత్రమును ఎన్నడును నడుపరాదు.

అప్పటికిని నీరు పోనిచో, గొట్టము యంత్రము వెనుక మడతపడినదేమో చూడుడు. గొట్టము సింకు అంచు క్రిందివరకు పైకి లేచి, పిమ్మట దిగవలెను; నేలమీదనే ప్రాకినచో సింకులోని మురుగు వెనుకకు యంత్రములోనికి వచ్చును. క్రొత్తగ అమర్చిన యంత్రములో మొదటిదినమే నీరు పోనిచో, సింకు క్రింది గొట్టపు నోటికి ఉండు ప్లాస్టికు బిళ్ళను తీయ మరచియుందురు.

ఆగక మూలుగు యంత్రము

పెక్కుమందిని భయపెట్టునది ఇంకొకటి కలదు. యంత్రము నీరు తీసికొనదు, కడుగదు, మూలుగుచునే యుండును. ఆపి మరల వేసినను అంతే. కొన్ని యంత్రముల అడుగు పళ్ళెములో ఒక తేలుడు బెండు కలదు. ఎచ్చటనో కారిన నీరు ఆ పళ్ళెములో చేరినపుడు బెండు పైకి తేలి, ఇల్లు మునుగకుండుటకై నీటిని ఆపి, వెడలించు పంపును మాత్రము నడుపుచుండును. అనగా యంత్రము చెడలేదు, మనకు మొరపెట్టుకొనుచున్నది. కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, కారుటకు కారణము వెదకవలెను. యంత్రమును ముందరికి వంచి ఆ నీటిని ఒలుకబోయు వారున్నారు. ఇది బరువైన వస్తువు; మీదపడు ప్రమాదము కలదు. ఒంటరిగ ఆ సాహసము చేయవలదు. నీరు ఎండు వరకు ఒకటి రెండు దినములు ఆగుటయో, మెకానిక్కును పిలుచుటయో మేలు.

కారకున్నను శుభ్రము కానపుడు

పాత్రలపై మెతుకులు మిగులుచున్నచో రెక్కల బెజ్జములు చూడుడు. ఒక ఆవగింజ చాలును, బెజ్జము మూసికొనుటకు. పండ్లపుల్లతో తీసివేసి, రెక్కను కుళాయి క్రింద ఊపి కడుగుడు.

గాజులపై తెల్లని పొర పట్టుచున్నచో దోషము నీటిది. బోరు నీరు వాడు ఇండ్లలో బక్కెట్టు అంచులకు తెల్లని సున్నము పట్టుట మీరెరుగుదురు. ఈ యంత్రములలో పెక్కింటికి నీటిని మెత్తపరచు భాగము కలదు. అది నీటిలోని కాల్షియమును, మెగ్నీషియమును పట్టుకొని సోడియమును విడుచును. దాని శక్తి తరుగగా ఉప్పునీటితో కడిగి మరల శక్తినిత్తురు. అందులకే ఉప్పు. ఈ యంత్రమునకని అమ్ము ఉప్పునే వాడవలెను, వంటయుప్పు పనికిరాదు. ఉప్పు పోయు అరలో పొరపాటున సబ్బుపొడి పోసినచో ఆ భాగమే నశించును. ఉప్పు పోసినంతనే, చిందినది కడుగబడునట్లు యంత్రమును నడుపవలెను. లేకున్నచో ఉక్కునకు త్రుప్పు పట్టును. అర మూత బిగియకున్నను తెల్లపొర వచ్చును.

సత్తు గిన్నెలు నల్లబడుటయు, ఇత్తడి రాగి పాత్రలు వన్నె తరుగుటయు, ఇనుప పెనమునకు పట్టిన నూనెపొర ఊడుటయు యంత్రదోషములు కావు. వానిని ఇందులో పెట్టకుండుటయే చికిత్స. చెక్క గరిటెలును పగులును.

మెకానిక్కును పిలువవలసినపుడు

పెద్ద పంపు, హీటరు, వాల్వు, లోపలి తీగలు - ఈ నాలుగింటి పని అతనిదే. యంత్రమును ముట్టిన చేయి జివ్వుమన్నను, కాలిన వాసన వచ్చినను, నడుపగానే ఇంటి మెయిన్ స్విచ్చి పడిపోవుచున్నను, మరల ప్రయత్నింపక ప్లగ్గు తీసి వెంటనే పిలువుడు. కాని పిలుచునపుడు "యంత్రము చెడినది" అని మాత్రమే చెప్పక, మీ చీటి చూచి చెప్పుడు: "జల్లు కొట్టునపుడు, నడుమ క్రిందినుండి కారుచున్నది. పట్టీ శుభ్రము చేసితిమి, నురుగు లేదు, రెక్కలు తిరుగుచున్నవి." ఇట్లు చెప్పిన ఇల్లాలిని ఎవరును సులభముగ మోసగింపజాలరు. నిజాయితీపరుడైన పనివాడును సంతోషించును, అతని వేళ మిగిలినందున. గ్యారంటీ కాలము మిగిలియున్నదేమో ముందు చూచుకొనుడు. మార్చిన పాత భాగమును చూపుమని అడుగుడు, రశీదు తీసికొనుడు.

వారమునకొక పావుగంట

మా యింట ఇప్పుడు శనివారము ఉదయమున జల్లెడ కడుగుదుము, రబ్బరు పట్టీ తుడుతుము, రెక్కల బెజ్జములు చూతుము. నెలకొకమారు పాత్రలు లేక, యంత్రమును శుభ్రపరచుటకు అమ్ము పొడి వేసి, మిక్కిలి వేడినీటితో నడుపుదుము. అంట్లు పెట్టునపుడు మెతుకులు, ఈనెలు చెత్తబుట్టలో దులిపివేయుదుము. ఇంతకంటె వేరు వైద్యము లేదు.

ఈ పావుగంట పని మా యింట మావారికిని, మా కుమారునికిని వంతులువారీగ వచ్చును. యంత్రము వచ్చినను, దాని సేవయు స్త్రీకే మిగిలినచో ఒక అంట్లకు బదులు మరొక అంట్లు పుట్టినట్లే కదా! జల్లెడలో చేరిన కరివేపాకు ఈనె ఎవరి పళ్ళెములోనిదో ఎవరును చెప్పజాలరు.

అత్తగారు ఇప్పుడు అంట్లు తోముట లేదు. ఐనను రాత్రి భోజనములైన పిమ్మట పీట వేసికొని, యంత్రము వద్ద కొంతసేపు కూర్చుందురు. "ఏమున్నది అత్తయ్యా, అది సరిగానే నడచుచున్నది కదా" అంటిని ఒకనాడు. "దాని చప్పుడు నాకు తెలియును. మారినచో ముందు నేనే చెప్పెదను" అనిరి. సోదరీమణులారా, మీ ఇంటి యంత్రపు చప్పుడును ఒకమారు ప్రక్కన కూర్చుండి వినుడు. అది బాగుగనున్న దినముననే వినుడు. చెడిన దినమున ఆ ఎరుకయే మీకు అక్కరకు వచ్చును.